అత్తయ్య ఎక్కిన చేపల కారు

మా అత్తయ్య ఇల్లు కదలడం మానేసింది ఒక ఆదివారం ఉదయం, చర్చి గేటు ముందు.

అంతకు కొన్ని నెలల క్రితం బాత్రూంలో జారిపడితే తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు, ఇంటికి తీసుకొచ్చాం, కానీ ఎడమ కాలు మళ్ళీ ఆవిడ బరువు మోయలేదు. మా ఆయన స్టీల్ ప్లాంటులో పనిచేసేవారు. అక్కడి స్నేహితులు ఇద్దరు ఇనప గొట్టాలతో చక్రాల కుర్చీ తయారుచేసి తెచ్చారు. గట్టి కుర్చీ, ఏనుగు కూర్చున్నా వంగదు. కాకపోతే మడత పడదు.

ఆ ఆదివారం రెండు ఆటోలు మాట్లాడాం. ఒకదాంట్లో అత్తయ్య, నేను, పిల్లలిద్దరూ. రెండోదాంట్లో కుర్చీ, దాన్ని పట్టుకుని మా ఆయన. చర్చి దగ్గర ఆటో డ్రైవరూ మా ఆయనా కలిసి ఆవిణ్ణి చంకల కింద పట్టుకుని దించుతుంటే, చీర అంచు ఆటో కడ్డీకి తగులుకుని మోకాలి దాకా పైకి లేచిపోయింది. మెట్ల మీద నిలబడ్డ యువకులు మర్యాదగా ముఖాలు పక్కకి తిప్పుకున్నారు. అత్తయ్య వాళ్ళని చూసింది. చీర సర్దుకోలేదు, ఏడవలేదు. "వెనక్కి తిప్పమను" అంది, అంతే.

ఇంటికి వచ్చాక మా ఆయనతో చెప్పింది. "నేను సిమెంటు బస్తాని కాదురా ఎత్తడానికీ దించడానికీ. ఇంక నన్నెక్కడికీ రమ్మనకండి."

మామయ్య పోర్టులో క్రేను నడిపి, మా ఆయన పదో తరగతిలో ఉండగానే పోయారు. ఆ తరవాత ఈవిడ కుట్టుమిషను తొక్కి కొడుకుని చదివించింది. చర్చి స్త్రీల సమాజంలో పది మందిని పోగేసేది, పెళ్ళిళ్ళకి వంట దగ్గర నిలబడేది, ఎలమంచిలిలో ఉన్న చెల్లెలింటికి నెలకోసారి రైలెక్కి వెళ్ళొచ్చేది. అలాంటి మనిషి పది నెలలు కూర్మన్నపాలెంలో మా అద్దె ఇంటి ముందు గది కిటికీ దగ్గరే కూర్చుంది. కిటికీకి ఎదురుగా పక్కింటి వాళ్ళ గోడ. నేను పాఠాలు చెప్పే బడి నుంచి వచ్చేసరికి రోజూ ఆ గోడవైపే చూస్తూ ఉండేది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, మాకు ఉన్నది ఒక స్కూటరు. కారు మా ఊహలో లేనిది. కానీ ఒక సాయంత్రం మా ఆయన భోజనం మధ్యలో చెయ్యి ఆపి, "పాతదైనా సరే, ఒక బండి చూద్దాం. అమ్మ తనంతట తాను ఎక్కగలిగేది" అన్నారు.

మా ఆయన మేనత్త కొడుకు ఆటోనగర్‌లో కార్ల మెకానిక్కు. నాకు అన్నయ్య వరస. విషయం చెప్పగానే కుర్చీ చూడాలన్నాడు. వచ్చాడు, టేపు పెట్టి అన్ని వైపులా కొలిచాడు.

"ఇది ఏ డిక్కీలోనూ పట్టదు బావా" అన్నాడు. "నీకు కావాల్సింది ఎస్టేటు బండి. డిక్కీ ఉండదు, పైకప్పు ఎనకదాకా ఉంటాది. ఎనక తలుపెత్తి కుర్సీ అలాగే తోసెయ్యొచ్చు. కానీ అలాంటివి తక్కువ. మన సేతికందే ధరలో మరీ తక్కువ. నాలుగు రోజులాగు, సూత్తాను."

మొదట దొరికింది ఊళ్ళో ఒక బ్రోకరు దగ్గర. ముదురు నీలం రంగు, అద్దంలా మెరుస్తోంది. లోపల సీట్లకి కొత్త కవర్లు, ముందు అద్దం దగ్గర మల్లెల వాసన వచ్చే సీసా. మా ఆయన తలుపు తీసి కూర్చుని స్టీరింగు మీద చేతులు పెట్టుకున్నప్పుడు ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. పదేళ్ళ పిల్లాడిలా అయిపోయారు. షిఫ్టు బస్సు కిటికీ సీటు తప్ప వేరే సుఖం ఎరగని మనిషి.

అన్నయ్య జేబులోంచి రుమాలులో చుట్టిన అయస్కాంతం తీశాడు. తలుపు కింద, చక్రాల పైన, వెనక మూలల్లో ఒక్కో చోటా ఆనించి వదిలాడు. పైకప్పు మీద అంటుకుంది. మిగతా చోట్ల జారి కింద పడిపోతూ వచ్చింది.

"ఇనుము నేదు బావా" అని మెల్లగా మా ఆయన చెవిలో చెప్పాడు. "అంతా పుట్టీయే. పైన రంగేసి మెరిపించారు."

తరవాత ఇంజను నడుస్తుండగా నూనె పోసే మూత విప్పాడు. అందులోంచి పొగ బుసబుసమని పైకి కొట్టింది. ఆయాసం వచ్చిన ముసలివాడి ఊపిరిలా ఉంది. బ్రోకరు నవ్వుతూనే ఉన్నాడు. "ఈ వయసు బండికి అదేం పెద్ద విషయం కాదండి, లాంగు డ్రైవు కొడితే సర్దుకుపోద్ది" అన్నాడు. మేం బయటికి వచ్చేశాం. మా ఆయన వెనక్కి తిరిగి రెండుసార్లు చూశారు.

రెండో బండి గురించి అన్నయ్య చెప్పడానికే మొహమాటపడ్డాడు. "ఎస్టేటు బండే ఒకటుంది బావా. మూడేళ్ళుగా నా సేతిలోనే సర్వీసవుతోంది. ఇంజను గురించి నాను పూచీ. కానీ అది సేపల బండి."

ఆటోనగర్‌లో అతని షెడ్డుకి వెళ్ళాం. తెల్ల రంగు ఒకప్పుడు. ఇప్పుడు చల్లారిన గంజి రంగు. వెనక సీటు పీకేసి, ఆ జాగాలో తుప్పు పట్టిన రేకు పరిచి ఉంది. పది అడుగుల దూరం నుంచే వాసన. మా చిన్నది ముక్కు మూసుకుంది. పక్కన బండి యజమానురాలు నిలబడి ఉంది. యాభై దాటిన మనిషి, ముదురు ఎరుపు చీర, దోపుకున్న కుచ్చిళ్ళు. జాలరిపేటలో ఉంటారు. ఫిషింగ్ హార్బరులో వేలంలో సరుకు కొని హోటళ్ళకీ మెస్సులకీ వేసే వ్యాపారం ఆమెది. బండి నడిపేది ఆమె భర్త. సరుకు పెరిగి చిన్న ట్రక్కు కొనుక్కుంటున్నారు కనుక దీన్ని అమ్మేస్తున్నారు.

మా ఆయన ఇంజను వైపు వెళ్ళలేదు. రోలింగ్ మిల్లులో పనిచేసే మనిషి కదా, ముందు కళ్ళు ఇనుము మీదికే పోతాయి. నేల మీద మోకాళ్ళేసి, బండి కిందకి తల పెట్టి, ఒక చోట బొటనవేలితో నొక్కారు. తరవాత అన్నయ్య చేతిలోంచి స్క్రూడ్రైవరు తీసుకుని గుచ్చారు. అది పిడి దాకా దిగిపోయింది.

ఆమె ఏమాత్రం కంగారు పడలేదు. "ఇంకో రెండు సోట్ల కూడా దిగుద్ది బాబూ. సూపించమంటారా?" అంది.

మా ఆయన లేచి చేతులు దులుపుకున్నారు. ముఖం ఎర్రబడింది. "ఇందులో మా అమ్మనీ పిల్లల్నీ ఎక్కించమంటావా బావా?"

"నాను దాసలేదు కదా బావా. ఇంజను బంగారం, నేల బూడిద. రెండూ నిజమే" అన్నాడు అన్నయ్య.

"ఐసు నీళ్ళు బాబూ" అంది ఆమె. "రోజూ ఉప్పు నీళ్ళు కారతాయి. సేపలేసుకునే బండి నేల ఎలాగుంటాది మరి? అది అబద్దమాడి సెప్పగలనా? కానీ బండి ఏ రోజూ ఆగలేదు. నాలుగు నిమిసాలు తిప్పి సూత్తే మీకేటి తెలుత్తాది? ఒక పూట మాతో రండి. హార్బర్లో ఎక్కండి, పనంతా అయ్యేదాకా ఉండండి. అప్పుడు సెప్పండి."

మా ఆయనకి ఆ వారమంతా ఉదయం షిఫ్టు. నిజానికి ఆయనకి ఆ బండి మళ్ళీ చూడాలని కూడా లేదు. నేనే అన్నాను, "రెండో శనివారం నాకు సెలవు. నేను వస్తాను" అని. ఎందుకన్నానో సరిగ్గా చెప్పలేను. అడగకముందే ఇంకో రెండు చిల్లులు చూపిస్తానన్న మనిషిని మరొకసారి చూడాలనిపించింది.

శనివారం మొదటి సిటీ బస్సు పట్టుకుని హార్బరు చేరేసరికి బాగా తెల్లవారింది. ఐసు పొడి చేసే మిషను గోల, కాకుల గోల, వేలం పాడేవాళ్ళ గోల. ఆమె జనం మధ్యలోంచి నన్ను చూసి చెయ్యెత్తింది. "టీసరమ్మా, ఇటు!"

ఆమె భర్త బండి పక్కన నిలబడి ఉన్నాడు. సన్నటి మనిషి, కుడి చెయ్యి భుజం పైకి లేవదు. నాకు దణ్ణం పెట్టడానికి కూడా ఎడమ చెయ్యే నుదుటి దాకా వెళ్ళింది. బానెట్టు ఎత్తి నూనె ఎంతుందో చూసే పుల్ల బయటికి లాగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి చూశాడు. రేడియేటరు మూత విప్పి వేలు పెట్టి చూశాడు. బెల్టు మీద వేలితో మీటాడు. నేను వచ్చానని చేస్తున్నాడేమో అనుకున్నాను. ఆమె నవ్వింది. "మీ గురించి కాదమ్మా. రోజూ ఇదే పూజ. నాను అరుత్తానే ఉంటాను, ఆయన సూత్తానే ఉంటాడు."

వెనక తలుపు పైకెత్తితే నిలబడదు. దానికి ఒక కర్ర దన్ను. చేపల బుట్టలు, ఐసు పెట్టెలు ఎక్కించారు. ఆమె ముందు సీటులో సగం నాకు ఇచ్చి, సగంలో తను సర్దుకుంది. తాళం సగం తిప్పాడు, డీజిలు బండి కనుక ఇంజను వేడెక్కి ముందున్న పసుపు దీపం ఆరేదాకా ఓపిగ్గా ఆగాడు, తరవాత స్టార్ట్ చేశాడు. ఒక్క దెబ్బకి అందుకుంది.

నా సంచీలో పిల్లల నోటు పుస్తకం ఉంది. చివరి పేజీలో ఒక గీత గీశాను. స్టార్ట్ అయిన ప్రతిసారీ ఒక గీత, మొరాయిస్తే సున్నా పెట్టాలని నా లెక్క.

కాన్వెంట్ జంక్షన్, పోర్టు రోడ్డు, మల్కాపురం, శ్రీహరిపురం. ఒక మెస్సు దగ్గర ఆపడం, బుట్ట దించడం, మళ్ళీ బయలుదేరడం. బండి బరువుతో ఉంది, రోడ్డు నిండా లారీలు, అయినా పైకెక్కే చోట మూలగలేదు. గేర్లు మారుతుంటే శబ్దం లేదు. కానీ నా కాళ్ళ దగ్గర రబ్బరు చాప కొంచెం పక్కకి జరిగింది. దాని కింద అరచేయంత చిల్లు. అందులోంచి రోడ్డు వెనక్కి పరిగెడుతూ కనబడింది. నేను కాళ్ళు పైకి ముడుచుకున్నాను. ఆమె చూసి, చాపని తన కాలితో మళ్ళీ సర్దింది.

పోర్టు రైలు గేటు దగ్గర గూడ్సు అడ్డం వచ్చింది. వ్యాగన్లు ఎంతకీ తరగలేదు. అతను ఇంజను ఆపేశాడు. మా ముందూ వెనకా లారీలు. ఇప్పుడు స్టార్ట్ కాకపోతే ఏమిటని నాకు భయం వేసింది. అడిగేశాను. "మధ్యలో ఆపితే మళ్ళీ అందుకుంటుందాండీ?"

అప్పటిదాకా మాట్లాడని మనిషి నా వైపు తిరిగాడు. "నాను ముప్పయ్యేళ్ళు బోటు మీద పనిసేసేనమ్మా. సముద్రం మీద ఇంజనాగిపోతే దిగి తొయ్యడానికి పక్కన రోడ్డు నేదు. ఒకపాలి ఆగిపోయింది మాకు. రెండు రోజులు గాలి ఎటు తీసుకెల్తే అటెల్లేం. తాగడానికి ఐసు కరిగిన నీళ్ళే. అది మొదలు నాకు బయం. సెడిపోయేక బాగుసెయ్యడం నాకు తెల్దు. సెడిపోకముందే సూసుకుంటాను."

"చెయ్యి?"

"వల లాగే వించి తాడు తగిలింది. అందుకే ఒడ్డుకొచ్చీసేను. ఈ వయసులో స్టీరింగు నేర్సుకున్నాను."

నేను కింద చాప వైపు చూపించాను. "మరి ఇది?"

అతను తల దించుకున్నాడు. "బోటుకైతే అడుగే ముందు సూసీవోణ్ణి. రోడ్డు మీద నడిసేదానికి అడుగేటని వొదిలీసేను. నాదే తప్పమ్మా."

గేటు లేచింది. తాళం తిప్పాడు. గీత గీశాను. గాజువాక చేరేసరికి పన్నెండు గీతలు, సున్నా ఒక్కటీ లేదు.

దారిలో ఆమె అడిగింది, ఇంత కష్టపడి చూస్తున్నారు, కారు ఎవరి కోసమని. చర్చి గేటు సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, మా అమ్మకి కూడా. ఈమెకి చెప్పాను. ఆమె విని, చీర కొంగుతో ముఖం తుడుచుకుని, భర్తతో, "బండి టీసరమ్మగారింటికి తిప్పు" అంది. "మామ్మగారు కూకుని సూడకుండా మీరెలాగ కొంటారమ్మా? కూకునేది ఆయమ్మ కదా."

ఇంటి ముందు బండి ఆగేసరికి అత్తయ్య కిటికీ దగ్గర్నుంచి గుమ్మం వైపు తిరిగి చూసింది. చేపలామె మొదట మా కుళాయి దగ్గర చేతులూ మోచేతులూ సబ్బుతో తోముకుంది. తరవాత చేపల పెట్టె మీది మూత చెక్క ఒకటి తీసి, దాన్ని కూడా రుద్ది కడిగి, ఎండలో ఆరబెట్టి, నా పాత తువ్వాలు ఒకటి అడిగి పైన చుట్టింది.

"మామ్మగారూ, మిమ్మల్ని ఒవులూ ఎత్తరు" అంది లోపలికొచ్చి. "మీ అంతట మీరే జరుగుతారు. నచ్చకపోతే దిగీండి."

అత్తయ్య నా వైపు అనుమానంగా చూసింది. కానీ కాదనలేదు. కుర్చీని బండి ముందు తలుపు దగ్గరికి తోసుకెళ్ళాం. ఆమె చెక్కని ఒక చివర కుర్చీ మీద, రెండో చివర కారు సీటు మీద ఆనించింది. "కుడి సెయ్యి సీటు మీద ఎయ్యండి. ఇప్పుడు నడుం కొంచెం జరపండి. ఇంకొంచెం. తొందర నేదు. మా అమ్మ ఏడేళ్ళు మంచం మీదుండిపోయింది, ఇలాగే జరిపీదాన్ని." ఆమె చేతులు అత్తయ్యకి జానెడు దూరంలో ఆగి ఉన్నాయి, ముట్టుకోలేదు. అత్తయ్య పళ్ళు బిగించి, చెక్క మీద నాలుగుసార్లు జరిగి, సీట్లోకి వెళ్ళి కూర్చుంది. కాళ్ళు తన చేతులతో తనే లోపల పెట్టుకుంది. ఊపిరి పీల్చుకుని, తలుపు లాగి ధడేల్మని వేసింది.

తరవాత అత్తయ్య ముక్కు ఎగబీల్చింది.

"కానాగంత చేపలు కదూ?"

"కానాగంతలే మామ్మగారూ!" ఆమెకి నవ్వు ఆగలేదు. "నిన్న మాత్తరం కోనాం సేపలేసేం."

గాజువాక మార్కెట్ దాకా వెళ్ళి వచ్చాం. చేపలామె, నేను వెనక బుట్టల మధ్య పీట వేసుకుని కూర్చున్నాం. అత్తయ్య ముందు సీట్లోంచి ప్రతి కొట్టూ చదువుతూ వచ్చింది. ఈ మందుల షాపు ఎప్పుడొచ్చింది, ఆ సినిమా హాలు రంగు మార్చారేమిటి, టైలరింగు షాపు ముసలాయన ఉన్నాడా. దారిలో కిలో కానాగంతలకి బేరమాడి, ఆమె ఇస్తానన్నదానికంటే ఇంకొంచెం తగ్గించింది కూడా. దిగేటప్పుడు చెక్క మీద రెండుసార్లలో వచ్చేసింది. ఆ చెక్కని చేపలామె మా ఇంట్లోనే వదిలేసింది.

"ఇది కొనండి" అంది నాతో, లోపలికి వెళ్ళేలోపే.

మా ఆయన షిఫ్టు దిగి వచ్చేసరికి కూర ఉడుకుతోంది. విషయం విని కోపం రాలేదు కానీ దిగులు వచ్చింది ఆయనకి. "అమ్మా, ఆ నేల మీద నా వేలు ఆగలేదు" అన్నారు. "స్పీడు బ్రేకరు మీద సీటు ఊడి రోడ్డు మీద పడితే? తుప్పుతో నేను పరాచికాలాడను. రోజూ చూస్తున్నాను దాని సంగతి."

ఆయన అన్నది తప్పు కాదు. అత్తయ్యకీ అది తెలుసు. "నేల వేయించడం నీకు తెలుసు కదురా" అంది నెమ్మదిగా. "ఇంజను బాగోకపోతే మనకేం తెలుస్తుంది? చెడిపోయినదేదో మనకి తెలిసిన బండే నయం."

రెండు రోజులు ఆయన ఆ మాట ఎత్తలేదు. మూడో రోజు టేపు తీసుకుని ఆటోనగర్ వెళ్ళి, కొంత బయానా ఇచ్చి నేల విప్పించడం మొదలుపెట్టారు.

తేలిగ్గా ఏమీ అవలేదు. పాత రేకు కోసేస్తుంటే ముందు సీటు బోల్టులు పట్టుకున్న చోట కూడా ఇనుము అట్టముక్కలా విరిగిపోయింది. అన్నయ్య ఫోన్ చేసి, "బావా, నాను కూడా ఇంత అనుకోలేదు. నువ్వొద్దంటే తప్పులేదు" అన్నాడు. చేపలామె కూడా షెడ్డుకి వచ్చింది. విప్పేసిన బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసిందట. "మొగమాట పడకండి బాబూ. వొద్దంటే ఇలాగే తీసుకెల్లిపోతాను" అందట. మా ఆయన ఆ రాత్రి భోజనాల దగ్గర ఈ మాట చెప్పి, "మోసం చేసే మనిషైతే ఆ మాట అనదు" అన్నారు. అప్పటికి ఆయన నిర్ణయం అయిపోయిందని నాకు అర్థమైంది.

మందపాటి రేకు తెప్పించారు. షిఫ్టు అయ్యాక రోజూ వెల్డరు పక్కన నిలబడి ప్రతి అతుకూ దగ్గరుండి చూశారు. సీటు కింద రెండు ఇనప పట్టీలు అదనంగా వేయించారు. తుప్పు పట్టని రంగు రెండు పూతలు తనే పూశారు. వెనక సీటు ఇంకో పాత బండిదేదో దొరికితే బిగించారు. మూడు వారాలు పట్టింది. ఇంటికి తెచ్చిన రోజు చేతుల నిండా నల్ల రంగు, కళ్ళల్లో మాత్రం బ్రోకరు దగ్గర నేను చూసిన ఆ పిల్లాడు.

వాసన పోవడానికి నేను చేయని ప్రయత్నం లేదు. బొగ్గులు పెట్టాం, నిమ్మ డిప్పలు రుద్దాం, కాఫీ పొడి పళ్ళెంలో పోసి మూడు రోజులు తలుపులు మూసి ఉంచాం. కాఫీ, చేపలు కలిసిన వాసన వచ్చింది. క్రమేణా తగ్గింది. వాన పడిన రోజున మాత్రం తిరిగి వచ్చేది. మా పెద్దది బడికి వెళ్ళేటప్పుడు ఒక వీధి ముందే దిగిపోతాననేది.

మొదటి ఆదివారం చర్చి గేటు దగ్గర ఆపాం. మెట్ల మీంచి నలుగురు యువకులు సాయానికి పరిగెత్తుకొచ్చారు. అత్తయ్య చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దు బాబూ. చెక్క ఉంది" అంది. వాళ్ళు పక్కన నిలబడి చూశారు, ఈసారి ముఖాలు తిప్పుకోలేదు. ఆరాధన అయ్యాక అత్తయ్య గంటసేపు ఇంటికి రానంది. పది నెలల కబుర్లు ఉన్నాయి కదా.

బండి మమ్మల్ని ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదని చెబితే అబద్ధం. మొదటిసారి ఎలమంచిలి వెళ్తుంటే అనకాపల్లి దాటాక రేడియేటరు గొట్టం పగిలింది. ముందు నుంచి ఆవిరి తెల్లగా లేచింది. చేపలామె భర్త, అంత జాగ్రత్తపరుడి కంట్లో కూడా పడలేదు అది, అన్నయ్య కంట్లో కూడా పడలేదు. మా ఆయన బానెట్టు దగ్గర నిలబడి, "నేను ముందే చెప్పానా?" అని నన్ను చూశారు. నేను పిల్లల్ని చెట్టు నీడకి పంపేశాను. కొత్త గొట్టం కోసం ఆయన బస్సెక్కి అనకాపల్లి వెనక్కి వెళ్ళారు. రెండు గంటలు రోడ్డు పక్కన ఉన్నాం. అత్తయ్య తలుపు తెరిచి, సీట్లోనే కూర్చుని, జామకాయలు అమ్మే ఆవిణ్ణి పిలిచి కొని, మాకు ముక్కలు కోసి ఇచ్చింది.

"ఇబ్బందిగా ఉందా అత్తయ్యా?" అని అడిగాను.

"పది నెలలు ఒకే గోడ చూశాను అమ్మాయ్" అంది. "ఇక్కడ చూడు, ఎన్ని లారీలో."

ఎలమంచిలి చేరేసరికి పొద్దు వాలింది. అక్కచెల్లెళ్ళిద్దరూ ఆ రాత్రి ఎంతసేపు మాట్లాడుకున్నారో నాకు తెలియదు. నేను మధ్యలోనే నిద్రపోయాను.

బండి అమ్మిన ఆయన రెండు మూడు నెలలకోసారి కానాగంతల పొట్లంతో మా ఇంటికి వచ్చేవాడు. తిన్నగా బండి దగ్గరికి వెళ్ళి బానెట్టు ఎత్తేవాడు. మొదట్లో మా ఆయనకి అది నచ్చలేదు, మన బండిని అతనెందుకు చూడాలని. గొట్టం పగిలిన సంగతి చెప్పినప్పుడు మాత్రం అతను ఎంత బాధపడ్డాడంటే, మా ఆయనే ఓదార్చవలసి వచ్చింది. తరవాత ఇద్దరూ ఆదివారం సాయంత్రాలు బండి కింద చాప వేసుకుని ఒకరు ఇంజనూ ఒకరు నేలా చూసుకునేవాళ్ళు. కింద నుంచి మాటలు వినబడేవి, కాళ్ళు మాత్రమే కనబడేవి.

ఆ బండి మా దగ్గర ఏడేళ్ళు ఉంది. అత్తయ్య అందులో అయిదేళ్ళు తిరిగింది. తను బతికిన ఆ చివరి ఏడాది ఆవిడ పోరు పెట్టి నాకు డ్రైవింగ్ నేర్పించింది. "వాడి షిఫ్టు చూసుకుని నేను బయటికి వెళ్ళాలా?" అనేది. నాకు భయం. స్టీల్ ప్లాంటు వైపు ఖాళీ రోడ్డు మీద మా ఆయన నేర్పారు, అరుస్తూ, నేను కూడా అరుస్తూ.

మొదటిసారి ఆయన లేకుండా, అత్తయ్యా నేనూ ఇద్దరమే బయలుదేరిన రోజు బుధవారం. చర్చిలో స్త్రీల సమాజం కూటం. గాజువాక జంక్షన్ సరిగ్గా మధ్యలో క్లచ్చి తొందరగా వదిలేశాను. బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. వెనక ఇనుము మోసే లారీ, దాని వెనక సిటీ బస్సు, అందరూ హారన్లు. తాళం సగం తిప్పాను. పసుపు దీపం వెలిగింది, అది ఆరేదాకా ఆగాలి. ఆ ఆగడం ఎంతో సేపు అనిపించింది.

"అత్తయ్యా, వాళ్ళంతా..."

"వాళ్ళకి తొందరైతే పక్కనుంచి పోతారు" అంది అత్తయ్య. బైబిలు ఒళ్ళో పెట్టుకుని, ముందుకి చూస్తూ నింపాదిగా కూర్చుంది. "నువ్వు కానీ."

దీపం ఆరింది. తాళం తిప్పాను. అందుకుంది. మేం కూటానికి పది నిమిషాలు ఆలస్యంగా వెళ్ళాం. అత్తయ్య చెక్క తీసుకుని తనే దిగింది, నేను కుర్చీ పట్టుకున్నాను.